లోతు లెక్క

పెదజాలరిపేటలో వలలు కుట్టే షెడ్డు మీద మేడ.
నేనే నల్లరంగు పూసిన ఒక చెక్క,
ఆరుగురు పిల్లలు. ఏడు ఇద్దరు, ఎనిమిది నలుగురు.
ఉప్పుగాలికి సుద్దముక్క మెత్తబడి
గీత గీస్తే పిండిలా రాలుతుంది.

నేనింకా టీచర్ని కాను.
బీఈడీ రెండో ఏడు.
పాఠ్యపథకాల రికార్డుకి అట్టవేసి, మార్జిన్లు కొట్టి,
'విద్యార్థి ప్రతిస్పందన' అనే గడిలో
పిల్లలేమంటారో ముందురోజు రాత్రే రాసేసుకునేదాన్ని.
మా మేడమ్ దానికి పదికి తొమ్మిదిచ్చారు.

ఇక్కడి పిల్లలకి ఆ గడి సంగతి తెలీదు.
మొదటివారం నూకరత్నం స్కేలు తెచ్చి నా జడ కొలిచింది.
లోహిత్ పది నిమిషాలకోసారి నీళ్లకి వెళ్లి
సముద్రం ఇంకా ఉందో లేదో చూసొచ్చినట్టు వచ్చేవాడు.
పోలేసు కిటికీ పక్కన.
పలకడు. రాయడు. దోమ కుట్టినా కదలడు.
బుర్ర ఎక్కడ పెట్టొచ్చావురా అన్నాను ఒకరోజు.
ఆ మాట నాది కాదు,
మా ఏడో తరగతి లెక్కల మాస్టారిది.
ఇన్నేళ్లూ నా నోట్లో ఏ మూల దాక్కుందో.

ఆవేళ రుణసంఖ్యలు.
మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, రాసుకోండి అన్నాను.
"ఎందుకక్కా?" నూకరత్నం.
సూత్రం అన్నాను.
"సూత్రం ఎవులు ఎట్టేరు?"

పదహారేళ్లు చదివాను.
ఆ ప్రశ్న నా పక్కనుంచే ఎన్నిసార్లో వెళ్లి ఉంటుంది,
ఒక్కసారీ ఆపి పలకరించలేదు.
శత్రువుకి శత్రువు మిత్రుడు అని చెప్పబోయి మింగేశాను.
అది జవాబు కాదని
వాళ్లకంటే ముందు నా గొంతుకే తెలిసింది.

కింద ఎవరో పడవ మోటారు విప్పి సుత్తితో కొడుతున్నారు.
ఆ చప్పుడు మధ్యలో పోలేసు లేచాడు.

"అక్కా, వల దిగతంది అనుకో.
నిమిసానికి రెండు బారలు కిందకి.
అది మైనస్ రెండే కదేటి?"
అవును.
"ఇప్పుడు గాదు, మూడు నిమిసాల ముందు.
ముందంటే అదీ మైనసే."
అవును.
"అప్పుడు వల ఏడుంటాది?
ఇప్పుడున్న కాడికి ఆరు బారలు పైనుంటాది.
పైనంటే ప్లస్సు."

కూర్చున్నాడు.
చేతులు మాత్రం గాల్లో ఇంకా తాడు వదులుతూనే ఉన్నాయి.

అడ్డంగా ఉన్న సంఖ్యారేఖని చెరిపేశాను.
నిలువుగా గీశాను. నీటిమట్టం సున్నా.
లోహిత్ సున్నా మీద పడవ వేశాడు, జెండా కూడా.
మైనస్ ఇరవై దగ్గర నూకరత్నం కానగంత వేస్తే
అంత అడుగున అది దొరకదని పోలేసు,
నీకు తెల్దని ఆమె,
ట్యూషన్ అయిపోయింది, గొడవ అవలేదు.
బయట లంగరేసిన ఓడల దీపాలు ఒక్కొక్కటీ వెలిగాయి.
నేనెన్నడూ వాటి కింద ఎంత నీరుందో అనుకోలేదు.

ఇక్కడ ఆపేస్తే బావుండేది.

శనివారం చిన్న పరీక్ష పెట్టాను.
మైనస్ నాలుగు ఇంటూ మైనస్ అయిదు.
పోలేసు మైనస్ ఇరవై అని రాశాడు,
కింద రెండు గీతలు కూడా కొట్టాడు, నమ్మకంగా.
ఇదేంట్రా, మొన్న నువ్వే కదా చెప్పావు?
"అది వలక్కా.
కాయితం మీద వల లేదు గదా."

ఎర్రపెన్ను మూత తీశాను, పెట్టేశాను.
ఆ కాగితం ఇప్పుడు రికార్డులో ఉంది,
నేను కొట్టేసిన గడి పక్కన, గుండుసూదితో.
మేడమ్ చూస్తే ఏమంటారో,
ఈసారి ముందుగా రాసుకోలేదు.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి అరిచాడు.
"సోమారం ఏటక్కా?"
భిన్నాలు.
"అవి నాకు రావు."
నాకూ అంతంతమాత్రమేరా అన్నాను.
వాడు మొదటిసారి నవ్వాడు.
ముందు పన్ను సగం విరిగి ఉంది,
ఇన్నాళ్లూ నేను చూడనేలేదు.